సర్దుకుపోవడం గురించి: ఈస్ట్ కణం, మార్జరీ స్టీఫెన్‌సన్

ఆడవాళ్ళకి చెప్పే హితవుల్లో ఎక్కువగా వాడే క్రియాపదం ఏదని ఎవరైనా లెక్క తీస్తే "సర్దుకుపో" మొదటి వరసలో ఉంటుంది. అత్తింట్లో సర్దుకుపో, ఆఫీసులో సర్దుకుపో, బదిలీ అయిన ఊళ్ళో సర్దుకుపో. ఎవరు సర్దుకోవాలో ఈ మాట స్పష్టంగా చెబుతుంది. దేనికి సర్దుకోవాలో, అందుకు ఎంత ఖర్చవుతుందో, ఎదుటి పక్షం ఏం చేయాలో మాత్రం చెప్పదు. జీవశాస్త్రంలో దీనికి దగ్గరగా ఉండే మాట 'అనుకూలనం'. బడి పుస్తకాల్లో ఎడారి ఒంటె బొమ్మ పక్కన కనిపించే మాట. అక్కడా అంతే. పరిసరాలు ఉన్నాయి, ప్రాణి వాటికి అనుగుణంగా మారింది, పాఠం అయిపోయింది.

ఈ మాటని నిలబెట్టి ప్రశ్నించిన ఒక పరిశోధన 1936లో కేంబ్రిడ్జిలో అచ్చయింది. అది ఈస్ట్ కణాల మీద జరిగింది. చేసినవాళ్ళు యాభయ్యొకటేళ్ళ మార్జరీ స్టీఫెన్‌సన్, ఆమె దగ్గర పరిశోధన నేర్చుకున్న జాన్ యూడ్కిన్. సాహిత్యం చదువుకున్న నాకు ఈస్ట్‌తో ఏం పని అని మీరు అడగొచ్చు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో 'గృహవిజ్ఞానం' పేరుతో స్త్రీలకి ఏం నేర్పారు, ఆ తరగతుల్లో పాఠాలు చెప్పిన స్త్రీలు తర్వాత ఏమయ్యారు అని వెతుకుతుంటే ఆమె పేరు తగిలింది. ఆ పేరు వెంట వెళితే చక్కెరల దగ్గరికి చేరాను.

ముందు ఈస్ట్ సంగతి. తాటిచెట్టు మీదినుంచి తియ్యగా దిగిన నీరా కొన్ని గంటల్లో కల్లుగా మారడంలో ముఖ్యమైన చెయ్యి ఈ కణాలదే. చక్కెర తిని సారా, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. అయితే చక్కెర అంటే ఒకటి కాదు. ఈస్ట్‌కి అన్నిటికంటే సులువుగా అరిగేది గ్లూకోజ్. దానికి తోబుట్టువులాంటిది గెలాక్టోజ్. రెండింటిలోనూ అవే పరమాణువులు, అంతే లెక్కలో ఉంటాయి. ఒక్కచోట ఒక చిన్న గుంపు తిరిగి ఉన్న దిక్కు మాత్రం వేరు. పాలల్లో ఉండే చక్కెరని విడగొడితే ఈ రెండూ చెరిసగం వస్తాయి. గ్లూకోజ్‌లో పెరిగిన ఈస్ట్‌ని తీసి ఒక్కసారిగా గెలాక్టోజ్‌లో వేస్తే అది కాసేపు ఏమీ చేయదు. గంటలు గడుస్తాయి. తర్వాత మెల్లగా పులియబెట్టడం మొదలవుతుంది. 1900లో ఫ్రెడరిక్ డినేర్ అనే పరిశోధకుడు పాశ్చర్ సంస్థ పత్రికలో దీన్ని వివరిస్తూ వాడిన ఫ్రెంచి మాటకి మన భాషలో 'అలవాటు పడటం' అని అర్థం. ఈస్ట్ కొత్త చక్కెరకి అలవాటు పడుతుందన్నమాట.

అలవాటు పడిందనగానే విషయం తేలిపోయినట్టు అనిపిస్తుంది. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆ మౌనపు గంటల్లో ఏం జరిగింది? రెండు జవాబులకి అవకాశం ఉంది. లక్షల కణాల్లో ఏ కొన్నిటికో పుట్టుకతోనే గెలాక్టోజ్‌ని వాడే శక్తి ఉండి ఉండొచ్చు. మిగిలినవి ఆకలితో ఆగిపోతే ఈ కొన్నే పిల్లల్ని పెట్టి గిన్నె నిండిపోయి ఉండొచ్చు. అలా అయితే ఎవరూ మారలేదు. చేతకానివాళ్ళు పోయి చేతనైనవాళ్ళు మిగిలారు. రెండో జవాబు: నిన్న గ్లూకోజ్ తిన్న కణాలే ఇవాళ తమలో కొత్త ఎంజైముని తయారు చేసుకుని ఉండొచ్చు. బయటినుంచి చూసేవాడికి రెండు కథలూ ఒకేలా కనిపిస్తాయి. గిన్నెలో బుడగలు వస్తాయి, అంతే.

ఈ తేడా చిన్నది కాదని స్త్రీల చరిత్ర చదివేవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఒక రంగంలో స్త్రీలు కొద్దిమందే ఉంటే "అసాధారణ స్త్రీలు కొందరుంటారు, వాళ్ళు ఎలాగైనా పైకొస్తారు" అనడం మొదటి కథ. "ఆ శక్తి చాలామందిలో ఉంది, అది బయటికి రావడానికి కావలసింది అక్కడ లేదు" అనడం రెండో కథ. ఇంగ్లండులో 1930లు యూజెనిక్స్ మర్యాదస్తుల మాటగా చెలామణి అయిన రోజులు. చేతకానివాళ్ళని ఏరిపారేస్తే జాతి బాగుపడుతుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు రాస్తున్న కాలం. అటువంటి కాలంలో "ఏరివేత వల్ల జరిగిందా, మార్పు వల్ల జరిగిందా" అని గిన్నెలో కణాలు లెక్కపెట్టి అడగడం మామూలు విషయం కాదు.

అడిగిన మనిషి ఎవరో చూద్దాం. మార్జరీ స్టీఫెన్‌సన్ 1885లో కేంబ్రిడ్జి దగ్గర బర్వెల్ అనే ఊళ్ళో పుట్టింది. 1903లో న్యూన్‌హామ్ కాలేజీలో చేరింది. స్త్రీలు పాఠాలు వినొచ్చు, పరీక్షలు రాయొచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు. రసాయనశాస్త్రం, జంతుశాస్త్రం ప్రయోగశాలల్లోకి రానివ్వకపోతే మహిళా కాలేజీలు తమ ప్రయోగశాలలు తామే నడుపుకున్నాయి. ఆమెకి వైద్యం చదవాలని ఉండేది, డబ్బు లేకపోయింది. చదువుకున్న అమ్మాయికి తెరిచి ఉన్న దారి ఒకటే: గృహవిజ్ఞానం పాఠాలు చెప్పడం. గ్లాస్టర్‌లో, తర్వాత లండన్‌లో కింగ్స్ కాలేజీ గృహవిజ్ఞాన విభాగంలో ఆ పనే చేసింది.

1911లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేస్తున్న రాబర్ట్ ప్లిమ్మర్ ఆమెని పరిశోధనకి పిలిచాడు. ఆ పిలుపు వెనక కూడా పాల చక్కెరే ఉంది. ఆ చక్కెరని తినిపిస్తే జంతువుల పేగులు దానికి అలవాటు పడి, దాన్ని విడగొట్టే ఎంజైముని తయారు చేసుకుంటాయా అని ప్లిమ్మర్ అంతకుముందే పరీక్షించి ఉన్నాడు. స్టీఫెన్‌సన్ మొదటి పరిశోధన ఆ ఎంజైము మీదే. ఆ ప్లిమ్మర్ వ్యవస్థాపకుల్లో ఒకడుగా అదే 1911లో మొదలైన బయోకెమికల్ క్లబ్బు స్త్రీలని సభ్యులుగా చేర్చుకోకూడదని తీర్మానించుకుంది. 1913లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

యుద్ధం వచ్చింది. ఆమె రెడ్‌క్రాస్‌లో చేరి ఫ్రాన్సులో ఆసుపత్రి వంటశాలలు నడిపింది, తర్వాత సలోనికా వెళ్ళింది. 1919లో కేంబ్రిడ్జికి, ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్ ప్రయోగశాలకి వచ్చింది. స్త్రీలని పెద్ద సంఖ్యలో పరిశోధకులుగా చేర్చుకున్న అరుదైన చోటు అది. అయినా ఆమెకి వచ్చింది ఉద్యోగం కాదు, మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏ ఏడాదికి ఆ ఏడాది ఇచ్చే గ్రాంటు. శాశ్వత స్థానం 1929లో దొరికింది. మరుసటి ఏడాది ఆమె పుస్తకం 'బాక్టీరియల్ మెటబాలిజం' వచ్చింది. అప్పటిదాకా సూక్ష్మజీవులంటే ఎక్కువమందికి రోగకారకాలే. అవి ఏం తింటాయి, ఎలా బతుకుతాయి అన్న ప్రశ్నని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాళ్ళలో ఆమె ముందువరసలో ఉంది. చక్కెర దుంపల ఫ్యాక్టరీ వ్యర్థాలతో కంపుకొడుతున్న ఊజ్ నది నీటిలోంచి కూడా ఆమె బృందం బాక్టీరియాని పట్టి తెచ్చి పని చేసింది.

1930ల మొదట్లో లియొనార్డ్ స్టిక్‌లాండ్‌తో కలిసి బాక్టీరియాలో ఒక ఎంజైము, దానికి తగిన ఆహారం ఉన్నప్పుడే పుడుతుందనీ, అందుకు కణాలు సంఖ్యలో పెరగనక్కర్లేదనీ చూసింది. అదే ప్రశ్నని యూడ్కిన్‌తో కలిసి ఈస్ట్‌కీ గెలాక్టోజ్‌కీ వేసింది. పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. గెలాక్టోజ్ అలవాటు లేని ఈస్ట్‌ని గెలాక్టోజ్‌లో ఉంచి, పులియబెట్టే శక్తి వచ్చేదాకా కణాల్ని లెక్కపెట్టాలి. మొత్తం ఎన్ని, అందులో బతికున్నవి ఎన్ని. ఏరివేతే కారణమైతే కొత్త శక్తితో పాటు కొత్త కణాలు పుట్టుకురావాలి. అలా జరగలేదు. లెక్క పెరగలేదు, శక్తి మాత్రం వచ్చింది. అంటే ఆ కణాలే మారాయి.

ఈ ఫలితాన్ని కొంచెం ఆగి చూడాలని నాకు అనిపిస్తుంది. నిన్నటి గిన్నెలో ఈ కణాలని పరీక్షించి "వీటికి గెలాక్టోజ్ చేతకాదు" అని రాసుకుని ఉంటే ఆ రాత తప్పు కాదు. కొలిచిన క్షణంలో అది నిజమే. కానీ దాన్ని కణం స్వభావంగా రాయడం తప్పు. చేతకానితనం అని కొలిచింది కణాన్నీ, కణం ఉన్న ద్రవాన్నీ కలిపి. స్టీఫెన్‌సన్ ఆ రెండింటినీ విడదీసి చూపింది.

యూడ్కిన్ తర్వాత పోషకాహారం వైపు వెళ్ళి, 1972లో చక్కెర హానికి వ్యతిరేకంగా పేరుమోసిన పుస్తకం రాశాడు. 1945లో ఆయన ప్రొఫెసరుగా చేరింది కింగ్స్ కాలేజీ గృహవిజ్ఞాన సంస్థలోనే. స్టీఫెన్‌సన్ వేరే దారి లేక వంటింటి శాస్త్రం చెప్పిన చోటే అది. 1953లో దాని పేరు క్వీన్ ఎలిజబెత్ కాలేజీ అయింది. ఆమెకి పక్కదారిగా దొరికిన సంస్థ ఆయనకి పీఠమైంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఒకే సంస్థ ఇద్దరికి రెండు రకాలుగా ఎలా తెరుచుకుంటుందో గమనించాలి, అంతే.

పాఠ్యపుస్తకాల్లో ఈ కథ చాలాసార్లు పారిస్‌లో మొదలవుతుంది. రెండు చక్కెరలు కలిపి ఇస్తే బాక్టీరియా ముందు గ్లూకోజ్ తిని, కాసేపు ఆగి, తర్వాత రెండోదాన్ని తింటుందని జాక్ మోనో 1941లో తన సిద్ధాంత వ్యాసంలో చూపాడు. ఆ దారిలోనే జన్యువులు ఎలా తెరుచుకుంటాయో, మూసుకుంటాయో ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి వివరించాడు. 1965లో ఆండ్రె ల్వోఫ్‌తో కలిపి ముగ్గురికీ నోబెల్ వచ్చింది. అది నిస్సందేహంగా గొప్ప పని. అయినా "ఏరివేత కాదు, మార్పు" అన్న మెట్టు అంతకుముందే కట్టి ఉందని, కట్టినవాళ్ళలో ఒక స్త్రీ ఉందని గుర్తు చేయడం ఆ గొప్పతనాన్ని తగ్గించదు. 1946లో మోనోతో కలిసి ఈ విషయం మీదే పరిశోధనా పత్రం రాసిన ఆలిస్ ఓద్యురో పేరు కూడా ఈ కథ చెప్పేటప్పుడు రాలిపోతూ ఉంటుంది.

భాష మీద పనిచేసేవాళ్ళకి ఇందులో ఇంకో ముచ్చట ఉంది. 1953లో మోనోతో సహా ఐదుగురు శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ రాశారు. 'అనుకూలన ఎంజైము' అనే మాట మానేసి 'ప్రేరిత ఎంజైము' అందామని ప్రతిపాదించారు. అనుకూలనం అన్న మాటలో ఏదో మేలు కోసం, ఏదో ఉద్దేశంతో జరిగిందన్న అర్థం దాక్కుని ఉంటుంది. 'ప్రేరిత' అంటే ఫలానా పదార్థం ఎదురైతే ఫలానా ఎంజైము పుట్టింది అన్నంత మాత్రమే. సర్దుకుపోవడం అనే సుగుణం మాయమై, ఒక కారణం, ఒక ఫలితం మిగిలాయి. ఒక మాటని మార్చడం కూడా పరిశోధనే అని మనం అంటూ ఉంటాం. ప్రయోగశాలల వాళ్ళూ అదే చేశారు.

ఈస్ట్‌లో ఆ కారణం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు బాగా తెలుసు. గెలాక్టోజ్‌ని వాడే ఎంజైముల జన్యువులు ప్రతి కణంలోనూ ఉంటాయి. వాటిని పలికించే ప్రోటీను గాల్-4. దాని నోరు నొక్కి పట్టుకునేది గాల్-80. గెలాక్టోజ్ లోపలికి రాగానే గాల్-3 అనే మరో ప్రోటీను దాన్ని గుర్తుపట్టి గాల్-80ని పక్కకి లాగుతుంది. అప్పుడు ఆ జన్యువుల పలుకు దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. అయితే గ్లూకోజ్ దగ్గరలో ఉంటే గెలాక్టోజ్ ఉన్నా ఇది జరగదు. గ్లూకోజ్ ఉన్నంతసేపు మిగతా చక్కెరల జన్యువులన్నీ అణిగి ఉంటాయి. శాస్త్రవేత్తలు దీనికి వాడే మాట 'అణచివేత'. మన పత్రికల్లో నలిగిన మాటే.

ఆ అణచివేత నుంచి విడుదల ఎలా అని వెతికినవాళ్ళలో ముఖ్యురాలు మేరియన్ కార్ల్‌సన్. మామూలు చక్కెరని పులియబెట్టలేని ఈస్ట్ రకాలని ఆమె, సహచరులు 1981లో ఏరి చూపారు. వాటిలో ఒకదాని లోపం వెంట వెళ్ళి, గ్లూకోజ్ తగ్గిందని కణానికి తెలియజేసే కీలకమైన ప్రోటీను జన్యువుని ఆమె ప్రయోగశాల 1986లో వివరించింది. 1990ల్లో తేలిందేమిటంటే దాని తోబుట్టువు మన ఒంట్లోనూ ఉంది. కణంలో శక్తి కొరత వస్తే గుర్తించి ఖర్చుల్ని కట్టడి చేసేది అదే. మధుమేహం పరిశోధనల్లో ఈనాటికీ దాని పేరు వినిపిస్తుంది. ఇక గాల్-4ని 1993లో ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమన్ పండుఈగలో పెట్టి, కోరిన కణంలో కోరిన జన్యువుని పలికించే సాధనంగా మార్చారు. ప్రపంచమంతా ఈగల ప్రయోగశాలల్లో అది నిత్యం వాడే పనిముట్టు అయింది.

గెలాక్టోజ్ కథ పాలిచ్చే తల్లుల దాకా కూడా వస్తుంది. కొందరు పసిబిడ్డలకి తల్లిపాలు పడవు. వాంతులు, కామెర్లు, కొన్నిసార్లు మరణం. తల్లిపాలనే అనుమానించే మన ఇళ్ళలో ఆ నింద ఎవరి మీదికి వెళుతుందో తెలిసిందే. గెలాక్టోజ్‌ని మార్చే ఒక ఎంజైముని హెర్మన్ కల్కర్‌తో కలిసి బీట్రిజ్ బ్రగాంజా, ఆగ్నెటె మంక్-పీటర్సన్ అనే ఇద్దరు స్త్రీలు 1953లో ఈస్ట్‌లో వివరించారు. ఆ ఎంజైమే ఈ బిడ్డల్లో లోపించిందని 1956లో కల్కర్, ఇస్సెల్‌బాకర్, ఎలిజబెత్ ఆండర్సన్, మరో సహచరుడు చూపారు. లోపం పాలది కాదు, తల్లిది కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరో ప్రతి చొప్పున వచ్చిన జన్యువుది. వేళకి కనిపెట్టి గెలాక్టోజ్ లేని ఆహారం ఇస్తే బిడ్డ ప్రాణం నిలుస్తుంది.

ఈ శతాబ్దంలో వచ్చిన రెండు ఫలితాలు నన్ను మరీ ఆలోచింపజేశాయి. ఈస్ట్ మొగ్గ తొడిగి పెరుగుతుంది. పాతదాన్ని తల్లి కణమనీ, మొగ్గని కూతురు కణమనీ అంటారు. ఒకసారి గెలాక్టోజ్‌లో బతికిన కణాలని గ్లూకోజ్‌లోకి మార్చి, కొన్ని తరాల తర్వాత మళ్ళీ గెలాక్టోజ్ ఇస్తే ఈ వంశం కొత్తవాటికంటే త్వరగా అందుకుంటుంది. తల్లి తయారు చేసుకున్న ప్రోటీను కూతుళ్ళకి కొంత కొంత పంచబడి మిగిలి ఉండటం దీనికి ఒక కారణమని 2007లో తేలింది. తరాలు గడిచేకొద్దీ అది పలచబడి పోతుంది. అంటే జ్ఞాపకం ఉంది, దానికి గడువూ ఉంది.

రెండోది దీనికి ఎదురు. మన రొట్టె ఈస్ట్‌కి దగ్గర చుట్టమైన ఒక జాతి జపానులో దొరికింది. దానిలో గెలాక్టోజ్ జన్యువులన్నీ శిథిలాలుగా ఉన్నాయని 2004లో హిటింజర్, రోకాస్, కరోల్ ప్రకటించారు. చోటు ఉంది, అక్షరాలు చెరిగిపోయాయి. అదే జాతికి చెందిన పోర్చుగల్ ఈస్ట్‌లో అవే జన్యువులు చక్కగా పనిచేస్తున్నాయి. నిద్రపోతున్న శక్తి ఎప్పటికీ అలాగే ఉంటుందని భరోసా లేదు. తరతరాలు వాడకపోతే పోతుంది కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. కణం స్త్రీ కాదు. ప్రకృతి నుంచి నీతిపాఠాలు లాగి మన మీద రుద్దిన చరిత్ర చాలా పెద్దది. దాన్ని తిరగేసి మనకి నచ్చిన నీతిని లాగడం కూడా అదే పని. ఈస్ట్ చక్కెరలకి అలవాటు పడింది కాబట్టి ఆడవాళ్ళు కష్టాలకి అలవాటు పడాలని ఎవరైనా అంటే, గెలాక్టోజ్ ఆహారమనీ, అవమానం ఆహారం కాదనీ చెబితే సరిపోతుంది. నేను తీసుకునేది ఈస్ట్ నుంచి కాదు, స్టీఫెన్‌సన్ నుంచి. ఆమె పద్ధతి నుంచి. ఎవరికైనా ఏదైనా చేతకాదని తీర్పు రాసేముందు ద్రవంలో ఏముందో చూడు, ఏం లేదో చూడు, ఎవరు పెరిగారో ఎవరు మారారో లెక్కపెట్టు.

ఆ లెక్క ఆమె చుట్టూ ఉన్న సంస్థలకి కూడా వేయొచ్చు. ఈస్ట్ పేపరు వచ్చిన 1936లోనే కేంబ్రిడ్జి ఆమెకి ఎస్‌సి.డి. ఇచ్చింది. కానీ 1921 నాటి నిర్ణయం ప్రకారం స్త్రీలకి దక్కేది పట్టా పేరు మాత్రమే. విశ్వవిద్యాలయ పాలనలో ఓటు లేదు. 1943లో, యాభై ఎనిమిదో ఏట లెక్చరర్ పదవి వచ్చింది. 1902లో హెర్తా ఎయర్టన్‌ని పెళ్ళయిన స్త్రీ అని తిప్పి పంపిన రాయల్ సొసైటీ, 1945లో స్టీఫెన్‌సన్‌నీ కాథ్లీన్ లాన్స్‌డేల్‌నీ తొలి మహిళా ఫెలోలుగా తీసుకుంది. 1947లో ఆమె రీడర్ అయింది. కేంబ్రిడ్జి స్త్రీలకి పూర్తి పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. ఆ ఏడాది డిసెంబరులో ఆమె మరణించింది.

న్యూన్‌హామ్ కాలేజీ 1871లో పుట్టింది. అక్కడి స్త్రీలు పరీక్షలు రాసి, పాసై, ప్రయోగశాలలు కట్టుకుని, పుస్తకాలు రాసి చూపిస్తున్నా విశ్వవిద్యాలయం తనని తాను మార్చుకోవడానికి డెబ్బయ్యేడేళ్ళు పట్టింది. చక్కెర మారినప్పుడు ఈస్ట్‌కి పట్టింది కొన్ని గంటలు. సర్దుకుపోవడం చేతకానిది ఎవరికన్న ప్రశ్నకి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు.